మెథడ్‌కు కంచె కట్టకండి

రూబీలో స్ట్రింగ్ క్లాస్ మీరు రాసింది కాదు. అయినా దాన్ని తెరిచి కొత్త మెథడ్ పెట్టొచ్చు. ఆ క్షణం నుంచి ప్రోగ్రామ్‌లోని ప్రతి స్ట్రింగ్‌కూ అది వచ్చేస్తుంది. దీనికి మంకీ ప్యాచింగ్ అని పేరు పెట్టి చిన్నచూపు చూస్తున్నారు. ఈ ఫైల్ వరకే కనిపించాలి, ఆ మాడ్యూల్ దాటకూడదు అంటూ కంచెలు కట్టమంటున్నారు. కట్టకండి. మంచి మెథడ్ రాసి ఒక్క ఫైల్‌లో దాచుకోవడం పిసినారితనం.

రైల్స్‌ను చూడండి. అందులోని యాక్టివ్ సపోర్ట్ ఏకంగా అంకెలకే డేస్ అనే మెథడ్ తగిలించింది. ఏ ఫైల్‌కూ పరిమితం చేయలేదు. రైల్స్ రాసేవాళ్లు అది రూబీతోనే పుట్టిందన్నంత సహజంగా వాడుకుంటున్నారు. మీ మెథడ్‌కూ అంత చనువు ఉండాలి.

కంచె కట్టినవాళ్లు ఏం బావుకున్నారు? షూగో మయేదా 2010లో ప్రతిపాదించిన రిఫైన్‌మెంట్స్ 2013లో రూబీ 2.0తో ప్రయోగాత్మకంగా వచ్చాయి. యూజింగ్ అని రాసిన చోటి నుంచి ఆ ఫైల్ చివరిదాకానే కొత్త మెథడ్ పనిచేస్తుంది. సెండ్‌తో పిలిస్తే 2.4 వచ్చేదాకా దొరికేది కాదు. ‘ఈ మెథడ్ నీ దగ్గరుందా’ అని రెస్పాండ్ టుతో అడిగితే, కళ్లెదుట ఉన్నదాన్ని 2.6 దాకా లేదనే చెప్పింది. క్లాస్‌ను నేరుగా తెరిచినవాళ్లకు ఈ తంటాలేవీ లేవు.

సి షార్ప్, కోట్లిన్‌ల పద్ధతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. అక్కడ ఎక్స్‌టెన్షన్ మెథడ్‌ను ముందు ఫైల్‌లోకి తెచ్చుకోవాలి. పోనీ అనుకున్నా, అసలు క్లాస్‌లో అదే పేరుతో, అవే పారామీటర్లతో మెథడ్ ఉంటే పిలుపు దానికే వెళ్తుంది. మీరు కష్టపడి రాసింది పక్కన పడి ఉంటుంది. రూబీలో ఆఖరున వచ్చిందే నిలుస్తుంది. అలాంటి భాషనే ఎంచుకోండి.

పేర్లు ఢీకొంటాయని భయపెడతారు. భయపడకండి, ముందుగా పేరు పట్టేయండి. మూటూల్స్ లైబ్రరీ జావాస్క్రిప్ట్ అర్రేలకు ఫ్లాటెన్ అనే మెథడ్ తగిలించింది. ఏళ్ల తర్వాత టీసీ39 కమిటీ అదే పేరుతో ప్రమాణంలో ఒక మెథడ్ తేబోతే, ఫైర్‌ఫాక్స్ నైట్లీలో ఒక సైట్ పనిచేయడం మానేసింది. చివరికి 2018లో కమిటీయే తగ్గి తన మెథడ్ పేరును ఫ్లాట్‌గా మార్చుకుంది. అంతకుముందు కంటెయిన్స్ కాస్తా ఇన్‌క్లూడ్స్ అయింది కూడా మూటూల్స్ వల్లే. కాబట్టి మీ మెథడ్‌కు పొట్టిగా, అందరూ కోరుకునే పేరే పెట్టండి. ముందు సంస్థ పేరు తగిలించి దాన్ని పాడుచేయకండి.

ఇక మనకు అన్నిటికన్నా ముఖ్యమైన పని. రూబీలో ‘శ్రీ’ పొడవు ఎంత అని లెంగ్త్‌ను అడిగితే 4 అంటుంది. శకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం విడివిడిగా లెక్కేస్తుంది. బడికెళ్లే పిల్లను అడిగినా ఒక్క అక్షరమే అంటుంది. పేరు ఇన్ని అక్షరాలు దాటకూడదని ఫారంలో హద్దు పెడితే, తెలుగులో రాసుకున్న మనిషి పేరు లెక్క మించిందని వెనక్కి వస్తుంది. తన పేరు తన లిపిలో రాసుకున్నందుకు ఎవరికీ అలా జరగకూడదు.

దీనికోసం తెలుగు లెంగ్త్ అని వేరే మెథడ్ పెట్టకండి. గుర్తుపెట్టుకుని ఎవరూ పిలవరు. లెంగ్త్‌నే మార్చండి. ఫారాలు, రిపోర్టులు, లెంగ్త్‌ను పిలిచే ప్రతి రూబీ లైబ్రరీ ఒకేసారి తెలుగు అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెడతాయి. ఇండెక్స్ లెక్క కుదరకపోతే ఇండెక్స్‌నూ, ఆ తర్వాత స్లైస్‌నూ దిద్దండి. డేటాబేస్ అడాప్టర్ దగ్గర ఏదైనా ఆగిపోతే దాన్నీ తెరవండి, అదీ క్లాసే.

మార్పులన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి, జెమ్‌లన్నీ లోడయ్యాక చిట్టచివర రిక్వైర్ చేయండి. టెస్టులు ఫెయిలైతే అవి ‘శ్రీ’కి ఇంకా 4 రావాలని చూస్తున్నాయేమో గమనించండి. అలా ఉంటే ముందు ఆ టెస్టులు దిద్దండి.