తరవాణి కుండలో పుట్టాను

నేను కంటికి ఆనను. నాది కడ్డీ ఆకారం. వంశం పేరు లాక్టోబాసిల్లస్. పలాస దగ్గర ఒక పల్లెలో, వంటింటి మూలనున్న తరవాణి కుండలో పుట్టాను. అన్నం వార్చిన గంజి ఆ కుండలో పోస్తారు. పులిసిన నీళ్ళు కొంత వంచుకుని, అడుగున మిగిలిన దాని మీదే మళ్ళీ కొత్త గంజి పోస్తారు. అందులోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేయడం నా పని. తరవాణికి ఆ పులుపు అలా వస్తుంది. చెడ్డ సూక్ష్మజీవులను చాలావరకు కుండ దరి చేరనివ్వనిదీ ఆ పులుపే.

జీడిపిక్కల పనికి పోయే ఆ ఇంటి ఇల్లాలు ఒక పొద్దున చద్దన్నంలో తరవాణి పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తింది. అలా ఆమె పేగులోకి చేరాను. అక్కడ నేను నాలుగు రోజుల చుట్టాన్ని. పెద్దపేగులో స్థిరపడ్డ కాపురస్తులు వేరే ఉన్నారు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పీచును తిని వాళ్ళు బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తారు. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన తిండి. నేను పోతే నా వెనక ఇంకొకరు వస్తారు. ఒకటి రెండుగా చీలి పెరిగే జాతి మాది, కాబట్టి వాళ్ళు చూసిందీ నా కథే.

ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. విశాఖ పక్కన అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వారానికి ఐదు రోజులు పొత్తికడుపుకు రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు సెలైన్‌లో. రేడియేషన్‌ని మా ఊరివాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ కిరణాలు గబగబా విభజన చెందే కణాలను పట్టి చంపుతాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే, పేగు లోపలి పొర కణాలూ అలాంటివే. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆ పొర మొత్తం కొత్తదవుతుంది. చిన్నపేగు గోడ మీద ఆకుమడిలో నారులా ఒత్తుగా నిలిచే చూషకాలు రెండో వారానికి పొట్టివైపోయాయి. నీళ్ళను, పైత్యరసాన్ని పీల్చుకునే శక్తి పోయింది. స్థిరకాపురస్తుల్లో చాలామంది నశించారు. ఆమెకు నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి.

రాత్రుళ్ళు అందరూ పడుకున్నాక కొళాయి దగ్గర చీర ఉతుక్కునేది. ఎవరికీ చెప్పలేదు. కూతురు కనిపెట్టి అడిగింది.

“డాట్రుబాబుకి ఇయ్యన్నీ ఏటని సెప్పనే? సిగ్గు కాదా?”

“సెప్పకపోతే ఆలకెలాగ తెలుస్తాదమ్మా?”

ఆ పిల్లే వెళ్ళి చెప్పింది. మందులిచ్చారు, ఓఆర్ఎస్ తాగించారు.

ఇలాంటి రోగులకు మావాళ్ళు సాయం చేయగలరా అని థాయిలాండ్‌లోని చియాంగ్‌మై వైద్యులు పరీక్షించి, ఫలితం 2010లో ప్రచురించారు. పొత్తికడుపుకు రేడియేషన్, వారంవారం సిస్‌ప్లాటిన్ తీసుకునే 63 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రేడియేషన్‌కు వారం ముందు నుంచే లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం ఉన్న క్యాప్సూల్స్ ఇచ్చారు. ఉత్తి క్యాప్సూల్స్ తీసుకున్న జట్టులో 45 శాతం మందికి విరేచనాలు ఒక మోస్తరుగానో తీవ్రంగానో వచ్చాయి. మావాళ్ళున్న జట్టులో 9 శాతమే. ఇది చిన్న పరీక్షే. అయినా పొత్తికడుపు రేడియేషన్ తీసుకునేవారికి లాక్టోబాసిల్లస్ ఉపయోగపడవచ్చన్న మాట అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ చేరింది.

మా బాక్టీరియాల్లో అందరూ మేలు చేసేవాళ్ళు కారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇరినోటికాన్ అనే మందు ఇస్తారు. పని అయ్యాక కాలేయం దాని విషానికి ఒక చక్కెర అణువును తగిలించి, కోరలు పీకి పేగులోకి పంపుతుంది. అక్కడ కొన్ని బాక్టీరియాలు బీటా గ్లూకురొనిడేజ్ అనే ఎంజైముతో ఆ చక్కెరను తెంపుకుని తినేస్తాయి. విషం మళ్ళీ లేచి పేగు గోడను కాలుస్తుంది. ఆ ఎంజైమును మాత్రమే అడ్డుకుంటే విరేచనాలు తగ్గాయని 2010లో ఎలుకల మీద అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. బాక్టీరియాను చంపకుండా దాని చేయి మాత్రం పట్టుకునే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇక్కడ తలచుకోవాలి. స్ప్రూ అనే పేగు జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే మెథోట్రెక్సేట్ వంటి క్యాన్సర్ మందులనూ ఇచ్చింది. ఆ మందులూ నోటిని, పేగును పుండు చేస్తాయి. ప్రాణం నిలిపే మందు పేగును గాయపరచడం అప్పటినుంచీ ఉన్న బాధే.

నాలుగో వారంలో పొరుగింటి వదిన సీసా నిండా తరవాణి పట్టుకొచ్చింది. “కడుపు సల్లబడతాది, తాగమ్మా” అంది. ఆ సీసాలో నా బంధువులు కోట్లమంది ఉన్నారు. నర్సు రక్తపరీక్ష కాగితం చూసి ఆపేసింది.

“తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఇప్పుడొద్దమ్మా. కాచిన నీళ్ళు, వేడివేడిగా వండినదే పెట్టండి.”

ఆ నర్సు చేసింది సరైన పని. పేగు గోడ దెబ్బతిని, కాపలా కణాలు తగ్గినప్పుడు మాలో ఒకరు రక్తంలోకి జారితే ప్రమాదం. అది అరుదే కానీ జరిగింది. పైగా పరీక్షల్లో నెగ్గింది పేరు, మోతాదు తెలిసిన రకాలు. తరవాణిలో మాతోపాటు ఎవరెవరుంటారో ఏ కుండకాకుండే వేరు. ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాను రోగి పేగులో నాటే చికిత్సలోనూ ఇదే భయం ఉంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీ వల్ల పేగు వాచిన ఇద్దరు రోగులు దానితో కోలుకున్నట్టు 2018లో ప్రచురించారు. మరుసటి ఏడాదే, దాత నుంచి వచ్చిన మొండి బాక్టీరియా వల్ల ఒక రోగి చనిపోయారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

చికిత్స ముగిసింది. రక్తకణాలు పెరిగాక, డాక్టరు సరేనన్నాక, ఆమె మళ్ళీ చద్దన్నం తింటోంది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖకు చికిత్సకు వెళ్ళే అమ్మలకు, అయ్యలకు నాదొక మనవి. రోజుకు ఎన్నిసార్లు విరేచనమైందో లెక్కపెట్టి డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడి దాచకండి. క్యాప్సూలైనా, తరవాణైనా అడిగాకే నోట్లో వేసుకోండి.