ఏడు సీట్ల పటేల్

పత్తి అమ్మకాల కాలం వచ్చిందంటే బోథ్‌లో ఒక రకం మనిషి చాయ్ హోటల్ దగ్గర తప్పక కనబడతాడు. అసలు పేరు ఏదైనా ఊరంతా పిలిచేది పటేల్ అనే. నల్లరేగడిలో పత్తి, సోయా, బజార్లో ఎరువుల దుకాణం, ఇంట్లో ఎనిమిది మంది మనుషులు, ఫోన్‌లో రెండు బండ్ల ఫొటోలు ఆయన ఆస్తి. ఒక బండి మహీంద్రా స్కార్పియో-ఎన్, రెండోది అదే కంపెనీ ఎక్స్‌యూవీ 700. రెండూ మూడు వరుసల బండ్లే. ఎవరన్నా స్కార్పియో మంచిదంటే పటేల్ వెంటనే ఎక్స్‌యూవీ తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. ఎక్స్‌యూవీయే మేలన్నవాడికి స్కార్పియో మహిమలు వినిపిస్తాడు. “నీ ఇష్టం పటేలా, ఏదైనా తీసుకో” అన్నవాడి మీద మాత్రం ఆయనకు నిజంగా కోపం వస్తుంది. అడిగింది సలహా కాదు, కొట్లాట. ఇలాంటి పటేళ్లు జిల్లాకు కొదవ లేదు గనుక వీళ్ల లక్షణం ఒకటి ఇక్కడ తేల్చుకోవాలి: తేడా లేని చోట నెలల తరబడి వాదిస్తారు, తేడా ఉన్న చోట ఒక్కసారీ కూర్చోరు.

రుజువులు కంపెనీ కాగితాల్లోనే ఉన్నాయి. ఎక్స్‌యూవీ 700 వచ్చింది 2021లో, స్కార్పియో-ఎన్ 2022లో. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండిటికీ 2,750 మిల్లీమీటర్లే. పొడవు ఎక్స్‌యూవీది 4,695, స్కార్పియోది 4,662. తేడా 33 మిల్లీమీటర్లు. డీజిల్ కావాలంటే రెండిట్లోనూ 2.2 లీటర్ల ఇంజనే. గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది చూసిన పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు రెండూ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నవే. ఇక పన్ను మాటకొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ తరగతి బండ్ల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న భారం 40కి దిగింది. ఆ ఏడు దసరా అక్టోబర్ 2న. పండుగకు పది రోజుల ముందు సర్కారే తలుపు తీసిపెట్టిందన్నమాట. పటేల్ మాత్రం గడప దాటలేదు. “కొత్త మోడల్ వస్తదంటున్నరు, జర ఆగుదాం” అన్నాడు. కొత్త మోడల్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ కారణానికి కాలదోషం పట్టదు.

అసలు తేడా వెనక ఉంది. స్కార్పియో-ఎన్‌ది లారీలకు, జీపులకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ మీద బాడీ ఎక్కించిన కట్టుబడి. ఎక్స్‌యూవీది బాడీ, ఛాసిస్ ఒక్కటిగా కలిపిన కట్టుబడి. ఎక్కడానికి అడుగు ఎంత ఎత్తు పెట్టాలి, కుదుపు నడుముకు ఎంత తగులుతుంది, మూడో వరుసలో మోకాళ్లు ఎక్కడిదాకా వస్తాయి అన్నవి అక్కడ తేలతాయి. ఆ వరుసలోకి ఎవరు పోతారో ఇంటింటికీ తెలిసిందే. ముందు సీటు అల్లుడిది, నడిమి వరుస మర్యాదస్థులది. అప్పుడు వాకిట్లో నిలబడ్డ మేనత్త, “నాకేంది బిడ్డా, ఎన్కకు నేను కూసుంట తియ్” అంటుంది. నడిమి సీటు మడతపెడతారు. ఆమె ఒక చేత్తో కుచ్చెళ్లు, ఒక చేత్తో పైనున్న పిడి పట్టుకుని, తల వంచి, పక్కకు తిరిగి, ఒక్కో కాలే లోపలికి లాక్కుంటుంది. కూర్చున్నాక మోకాళ్లు రొమ్ముకు ఎదురొస్తాయి. ఒళ్లో పూలు, కొబ్బరికాయల సంచి పెడతారు, ఎందుకంటే మూడో వరుస నిలబెడితే దాని వెనక సామాను చోటు పేరుకే. నిర్మల్ ఘాట్ మలుపులు దాటి బాసర చేరేసరికి ఆమెకు సరస్వతమ్మ కన్నా ముందు నిమ్మకాయ గుర్తొస్తుంది. బండి ఎట్లుందని ఆమెను అడిగిన పటేల్ బోథ్‌లో ఇంకా పుట్టలేదు.

దీనికి పటేల్ జవాబులు లేకపోలేదు. “బోథ్‌కు రైలు లేదు, 44వ నంబర్ హైవే కూడా నేరడిగొండ, ఇచ్చోడ మీదుగానే పోతది, ఎనిమిది మంది ఇంటికి పెద్ద బండి లేకుంటే ఎట్ల?” అంటాడు. న్యాయమైన మాట. కేస్లాపూర్ నాగోబా జాతరకైనా, కిన్వట్‌లో పెళ్లికైనా ఇంటిల్లిపాదీ కదలాల్సిందే. కానీ అవసరం అంత గట్టిదైతే ఆ అవసరం తీర్చే వరుసనే ముందు పరీక్షించాలి కదా! “ఎన్క సీట్లు పిల్లలకే” అన్నది రెండో జవాబు. పిల్లలు పెరుగుతారు, సీటు పెరగదు. “ఒకప్పుడు కమాండర్ జీపుల పదిహేను మందిమి పోలేదా?” అన్నది మూడోది. పోయాం, కాకపోతే ఆ జీపును ఎవరూ ఇరవై లక్షలు పెట్టి సుఖం కోసం కొనలేదు. చివరికి ఇజ్జత్ మాట వస్తుంది. అందులో తప్పేం లేదు, కష్టపడ్డవాడు నలుగురిలో గొప్పగా దిగాలనుకోవడం సహజమే. అయితే అదే మాట నేరుగా చెప్పాలి, ఇంటివాళ్ల పేరు వాడుకోకూడదు. ఎనిమిది మంది కోసమని బయల్దేరి, నడిమి వరుసలో విడివిడి కెప్టెన్ సీట్లకు మనసు పడి, ఆరుగురి బండి బుక్ చేసే పటేళ్లూ ఉన్నారు. మిగిలిన ఇద్దరికీ బస్సు ఉందిగా!

ఇదే మనిషి పత్తి దగ్గర ఇంత అమాయకుడు కాడు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తుందని, 12 దాటితే కొననే కొనదని ఎరుక గనుక మిషన్ చూడకుండా బండి తోలడు. ఇరవై లక్షలంటే 2025-26 మద్దతు ధర 8,110 లెక్కన దాదాపు 247 క్వింటాళ్ల పొడవు పింజ పత్తి. అంత పత్తి పోసి కొనే వస్తువును డ్రైవర్ సీట్లో కూర్చుని, హారన్ కొట్టి, పాట పెట్టించి ఖాయం చేస్తాడు. కాబట్టి పటేలా, అడ్వాన్సు కట్టే ముందు ఒక్క పని చెయ్యి. మేనత్తను వెంటబెట్టుకుని షోరూంకు పో. రెండు బండ్లలోనూ ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, నువ్వు మూడో వరుసలోకి ఎక్కి గంటసేపు తిరిగి రా. ఏ బండిలోంచి నడుము పట్టుకోకుండా దిగితే అది కొను. రెండిట్లోనూ పట్టుకున్నావా, రోజువారీకి చిన్న కారు తీసుకుని జాతరకు కిరాయి బండి మాట్లాడుకో.