ఎస్సెఫ్టీకి ఎంత?

షాపింగ్ కాంప్లెక్స్ కట్టదలచిన తెలుగువాడు కాంట్రాక్టర్ని అడిగే మొదటి ప్రశ్న, ఆఖరి ప్రశ్న ఒక్కటే: "ఎస్సెఫ్టీకి ఎంత?" ఇంతకుముందు ఏం కట్టావు, అవి ఇంకా నిలబడే ఉన్నాయా అని అడగడు. మర్యాదగా ఉండదు మరి.

మా వీధి షావుకారు గారు అరకిలో కందిపప్పు అప్పిస్తే తారీఖు వేసి సంతకం పెట్టించుకుంటారు. అదే మనిషి కోటిన్నర పనిని శుభలేఖ వెనక వేసిన లెక్క మీద అప్పగించారు. ముగ్గురొచ్చారు. మొదటాయన డ్రాయింగులు చూపమన్నాడు, స్టీలు ఏ గ్రేడన్నాడు, కరెంటు లోడెంతన్నాడు. "పని రానట్టుంది, అన్నీ మననే అడుగుతున్నాడు" అని పంపేశారు. రెండో ఆయన మట్టి పరీక్ష అన్నాడు. పక్కవాడు చేయించాడా? వాడి బిల్డింగు పడిందా? మూడో ఆయన స్థలం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, అందరికంటే రెండొందలు తగ్గించి, "మీరు ఊఁ అనండి సార్, బుధవారం ముగ్గు పోసేద్దాం" అన్నాడు. ఊఁ అన్నారు.

"బిల్లుతోనా, బిల్లు లేకుండానా?" అన్నాడు తర్వాత. బిల్లంటే 18 శాతం జీఎస్టీ. సొంత భవనం మీద కట్టిన ఆ పన్ను క్రెడిట్‌గా వెనక్కి రాదని ఆడిటర్ చెప్పేసరికి షావుకారు గారు బిల్లు వద్దన్నారు. దాంతో ఆ కాంట్రాక్టర్ కాగితం మీద అక్కడ ఏ పనీ చేయనట్టే. చేయని పనికి కోర్టుకెలా లాగుతారు? ఈ ధర్మసూక్ష్మం శ్లాబు కారాక గానీ బోధపడలేదు.

సర్కారు పనుల్లో ఎం-బుక్కులో కొలత ఎక్కనిదే పైసా కదలదు. (ఎక్కినా కదలదన్నది వేరే సంగతి.) ఇక్కడ కొలతల రోజు చూడాలి! మెట్లు ప్రతి అంతస్తులోనూ లెక్కకొచ్చాయి. లిఫ్టు గుంత ప్రతి అంతస్తులోనూ వచ్చింది. గాలిక్కూడా ఎస్సెఫ్టీ రేటే. కానీ సంపు, ర్యాంపు, పిట్టగోడ, షట్టర్లు? "అవి అందులో రావు సార్." శుభలేఖ మీద చోటు చాలలేదట.

శ్లాబుల మీద చెక్కుచెదరని నమ్మకం మనది. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ అయితే 10 రోజులు తడిగా ఉంచమంటుంది ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణాల పుస్తకం. మూడో రోజు నుంచి ఆ బాధ్యత మబ్బులకు అప్పజెప్పారు. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు కింద ఊతకర్రలు 14 రోజులుండాలంటుంది అదే పుస్తకం. ఆ ఊతకర్రలు ఇంకో సైటుకు కావాలి కదా, పుస్తకానికేం తెలుసు!

ఇక ఇంజినీరు ఫీజులో సగం కోసిన షావుకారు గారు, సిద్ధాంతి గారికి అడిగినదానిపై నూటపదహార్లు కలిపిచ్చారు. రెండో శ్లాబయ్యాక ఆయన ఈశాన్యంలో మెట్లేమిటన్నారు. కొట్టారు. కట్టారు. కొట్టడానికి వేరే రేటు.

ఎత్తు విషయంలో మాత్రం చట్టాన్ని తు.చ. తప్పలేదు. వాణిజ్య భవనం 15 మీటర్లుంటే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. అందుకని ప్లాను 14.95 దగ్గర ఆగింది. దానిపైన లేచిన రేకుల షెడ్డు ప్లానులో లేదు, కాబట్టి దానికి ఎత్తూ లేదు. సెల్లారు పార్కింగులో గోడౌను వచ్చింది. కార్లు రోడ్డు మీదే చల్లగా ఉంటాయి.

ఇప్పుడు వీధంతా కాంట్రాక్టర్ని తిడుతోంది. నాకైతే అతనిలో తప్పు పెద్దగా కనబడలేదు. అడిగింది ఒక్కటే ప్రశ్న, దానికి నిజాయితీగానే జవాబు చెప్పాడు.

అన్నట్టు, మల్గీలు అద్దెకు సిద్ధం. కావలసినవాళ్లు షావుకారు గారిని నేరుగా కలవండి. ఎస్సెఫ్టీకి ఎంతో చెబుతారు. మెట్లు, లిఫ్టు గుంత కలిపే కొలుస్తారు.