మక్కీకి మక్కీ సంఘం వారికి ఒక మనవి

పాత సీరియల్‌ని మళ్లీ తీసేవాళ్లు ఉన్నది ఉన్నట్టే తీయాలట. కిరీటం మారకూడదు, కిరీటం కింద మొహమూ మారకూడదు. గద అట్టదే అయినా పాత చప్పుడే చెయ్యాలి. ఈ సిద్ధాంతాన్ని కాపాడే పెద్దలు తిరుపతిలో ప్రతి టీ అంగడి దగ్గరా కనీసం ఇద్దరైనా దొరుకుతారు. సంఘానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, తీర్మానం మాత్రం రోజూ పాసవుతుంది. అదీ దూరదర్శన్ రామాయణం సీరియల్లో రాముడైన అరుణ్ గోవిల్ మీద ఒకటే తీర్మానం: "అరుణ్ గోవిల్ మాదిరి నవ్వలేనోడు రాముడెట్లయితాడప్పా?" 2008లో ఆ సీరియల్ తీసిన సాగర్ కుటుంబం సంస్థే రామాయణాన్ని కొత్తవాళ్లతో మళ్లీ తీస్తే సంఘం గుర్తించలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక దూరదర్శన్ పాతదాన్నే మళ్లీ వేసినప్పుడు మాత్రం, దేశంలో ఒక్క పనన్నా సక్రమంగా జరిగిందని ఊపిరి పీల్చుకున్నారు.

వీళ్ల లెక్కలో వాల్మీకి ఆ సీరియల్ మొదలైన 1987 జనవరి 25న, ఆదివారం పొద్దున అవతరించాడు. అంతకు ముందు రామాయణం ఉన్నట్టు దాఖలాల్లేవు. లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకి అరణ్యకాండలో లేదు సామీ అని చెప్పి చూడండి, గీత దాటింది మీరే అన్నట్టు చూస్తారు.

ఉత్తరాది సంగతి అట్లుంచి కొండ కిందికే వద్దాం. పి. పుల్లయ్య 1939లో శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం తీశారు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు స్వామి, శాంతకుమారి పద్మావతి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1960లో అదే పుల్లయ్య అదే కథను ఎన్.టి. రామారావుతో మళ్లీ తీశారు. ఈసారి పద్మావతి సావిత్రి. మరి పాత పద్మావతి ఏమైంది? ఆమే వకుళమాత అయింది. నిన్నటి పెళ్లికూతురు ఇవాళ పెళ్లికొడుకు తరఫున సంబంధం మాట్లాడటానికొచ్చింది! సంఘం ఆనాడే ఉండుంటే ఆ పెళ్లి జరగనిచ్చేదా? ఇంతకీ మన పెద్దలు ఒరిజినల్ అని కళ్లకద్దుకునేది ఆ రెండోదాన్నే. మొదటిదాని ఊసు ఎత్తేవాడే లేడు. ఆ తర్వాత 1997లో అన్నమయ్యలో సుమన్ స్వామి అయ్యారు. 2017లో ఓం నమో వేంకటేశాయలో సౌరభ్ రాజ్ జైన్ అయ్యారు. ఈయన 2013 నాటి టీవీ మహాభారతంలో కృష్ణుడు. సంఘం బహిష్కరించిన సీరియల్లోని కృష్ణుడు చల్లగా మన కొండెక్కి కూచున్నాడన్న మాట. అసలు స్వామివారే ధనుర్మాసమంతా సుప్రభాతం ఆపించి తిరుప్పావై వింటారు. ఆ నెల రోజులూ సంఘం ఎవరికి అర్జీ పెట్టుకుంటుందో తెలియదు.

మాయాబజార్‌ని అయితే వీళ్లు పూజగదిలో పెట్టుకున్నారు. పెట్టుకోవాల్సిందే, నాకూ అభ్యంతరం లేదు. అయితే 1957 నాటి ఆ సినిమాలో మొత్తం మీద ఒక్క పాండవుడు కూడా కనపడడు. భారతం తీసి పాండవుల్ని ఎగ్గొట్టారు! పైగా ఎవరి పెళ్లి కోసం ఈ సందడంతా జరిగిందో ఆ శశిరేఖ వ్యాసుడికి తెలియనే తెలియదు. ఇంతటి ఘోరాన్ని పూజగదిలో పెట్టుకుని, కొత్త సీరియల్లో భీముడి మీసం సన్నగా ఉందని కేకలేస్తారు.

మన నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు భారతం ఏటా మళ్లీ వస్తుంది. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. నాటకం ఆడే ఆ భారతం మిట్ట మీద ఏం జరుగుతుందో చూసినవాడికి ఈ ఒరిజినల్ జబ్బు అంటదు. వ్యాసుడి అర్జునుడు తపస్సుకు హిమాలయాలకు పోతాడు. మన అర్జునుడికి అంత తీరిక లేదు, గుడి ముందు నాటిన తపస్సు మాను ఎక్కుతాడు. పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిచీరల్తో మన్నులో సాష్టాంగపడి ఉంటారు. పైకి చేరాక ఆయన విసిరే నిమ్మకాయకూ పువ్వుకూ విభూతికీ కొంగు పడతారు. కొంగులో నిమ్మకాయ పడిన ఆమె మొహం ఒకసారి చూడాలి. అక్కడ నిలబడి ఇది అరణ్యపర్వంలో లేదమ్మా అని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

చివరి రోజు దుర్యోధన వధ. నేల మీద బారలకొద్దీ మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుంటాడు. అంతకు ముందు దాకా భీముడు తెర వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, కిరీటం ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. మద్దెల మోగగానే ఫోన్ నడుంగుడ్డలో దోపుకుని గద అందుకుంటాడు. ఇక వాడు ఊళ్లో వాళ్లెవరికీ తెలిసినవాడు కాదు. ద్రౌపది విరబోసుకున్న జుట్టును ఆ తొడ నెత్తురుతో ముడుస్తుంది. అదీ వ్యాసుడు రాసింది కాదు. సాయంత్రం అగ్నిగుండం తొక్కటమూ అంతే. నడి రాత్రి హాస్యగాడొచ్చి కౌరవసభలో రేషన్ బియ్యం గురించీ పంచాయతీ కుళాయి గురించీ దెప్పుతాడు. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు, పడీ పడీ నవ్వుతారు. అదే జనం తెల్లారి ద్రౌపది బయల్దేరగానే చేతులెత్తి మొక్కుతారు. వాన జాడ లేకుంటే విరాటపర్వం పెట్టించుకుంటారు. తమకేం కావాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. జుట్టు ముడవాల్సిందే, ఆ తొడ విరగాల్సిందే. మిగతాది నాటకాలోళ్ల ఇష్టం.

ఇక్కడ సంఘం వాళ్లు రామాయణం మీద తీసిన ఆదిపురుష్ సినిమాని తెచ్చి నా నెత్తిన కొడతారని తెలుసు. కొట్టనీ. 2023 జూన్ 6న మన ఎస్వీ యూనివర్సిటీ మైదానంలోనే దాని ముందస్తు వేడుక జరిగింది. ప్రతి హాల్లో హనుమంతుడికి ఒక సీటు వదిలారు. తీరా ఆ సీట్లో కూచున్న హనుమంతుడు తెర మీద తన నోటి వెంట వస్తున్న మాటలు విని ఎటు లేచిపోయాడో తెలియదు. గోల రేగాక ఇది రామాయణం కాదు, రామాయణం స్ఫూర్తి మాత్రమే అన్నారు. ఆ పైన మాటలు మార్చారు. ఇది మార్పు చేసినవాడి తప్పా? భారతం మిట్ట మీద హాస్యగాడు ఇంతకంటే మోటుగా మాట్లాడతాడు. వాడు ఎదురుగా కూచున్న జనం మొహాలు చూసి మాట్లాడతాడు. వీళ్లు వసూళ్లు చూసి మాట్లాడారు, వసూళ్లు చూసే దిద్దుకున్నారు.

అమృతం సంగతీ అంతే. జెమినీలో 2001 నుంచి 2007 దాకా నడిచిన ఆ సీరియల్లో అమృతం వేషం శివాజీరాజాతో మొదలై, నరేష్ దాకా పోయి, హర్షవర్ధన్ దగ్గర ఆగింది. ఒకటే ఒరిజినల్, ముగ్గురు హీరోలు! 2020 ఉగాదికి అమృతం ద్వితీయం వచ్చినప్పుడు, గుండు హనుమంతరావు పోయాక అంజి వేషంలోకి ఎల్.బి. శ్రీరామ్ వచ్చారని మాత్రం సంఘం తల పట్టుకుంది. నన్నడిగితే అది కాస్త తడబడింది మార్చినందుకు కాదు, ఎక్కడ మార్చితే ఏం తిడతారోనని భయపడినందుకు.

అయినా పెద్దల మాట కాదనడం దేనికి. ఉన్నది ఉన్నట్టే కావాలంటే సంపూర్ణంగానే కావాలి. అబ్బోణ్ణి మిద్దె మీదికి తోలి యాంటెన్నా తిప్పించండి. "వచ్చిందా?" అని వాడు అరవాలి, "ఇంకొంచెం కొండ వైపు!" అని మీరు అరవాలి. రావణుడు సీత చెయ్యి పట్టుకునే సమయానికి కరెంటు పోవాలి. వీధిలో సగం జనాన్ని పిలిచి మీ వరండాలో కూచోబెట్టుకోండి, వాళ్ల చెప్పులూ లెక్కపెట్టుకోండి. అప్పుడు ఒప్పుకుంటాను.

అది కుదరదంటే ఈసారి ఎండలకు మాతో పుత్తూరు రండి. తపస్సు మాను కింద నిలబడి, దిగునాయనా, వ్యాసుడు నిన్ను హిమాలయాలకు పొమ్మన్నాడు అని అర్జునుడికి మీరే చెప్పండి. ఆయన ఏమీ అనడు, పైన పద్యంలో ఉంటాడు. కింద తడిచీరల్తో కొంగు పట్టుకున్న ఆడవాళ్లున్నారు కదా, జవాబు వాళ్లు చెబుతారు.