మా పొగకు మేమే గ్యారంటీ

పరిశ్రమకూ పర్యావరణానికీ మధ్య సమతూకం తేవాలని ఏలినవారికి మళ్లీ తొందర పుట్టింది. కాలుష్య నియంత్రణ మండళ్లు పారిశ్రామికవేత్తలను పీక్కుతింటున్నాయట. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు ఈ మాట వింటే నురగలు కక్కుకుంటూ నవ్వేది.

అక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది 1990లో. పదిహేడేళ్లు గడిచాక, 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీళ్ల లెక్క ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! శుద్ధి చేశాక సుమండీ. డాక్టరు చీటీ అక్కర్లేదు, కన్సల్టేషన్ ఫీజు లేదు, గేదెలక్కూడా ఉచితమే. ఇంత ఉదార స్వభావం గల వ్యవస్థకు కఠినమైనదని పేరు పెట్టడం పాపం.

అయినా సంస్కరణలు ఆగుతాయా? పరిశ్రమల అనుమతుల కోసం తెలంగాణ 2014లోనే టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది. స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలు. గడువులోగా అధికారి ఉలుకూ పలుకూ లేకపోతే అనుమతి వచ్చేసినట్టే. కేంద్రం 2023లో జన విశ్వాస్ చట్టంతో, పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే పడే ఐదేళ్ల దాకా జైలుశిక్షను తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. పెద్ద కంపెనీకి దీపావళి స్వీట్ల బిల్లే అంతకన్నా ఎక్కువవుతుంది. ఈ స్వీయ ధ్రువీకరణ పద్ధతినే శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలకూ పెడితే సరి. బ్రీత్ ఎనలైజర్ డ్రైవరు చేతికే ఇస్తే, తనే ఊది, అంకె వేసి, సంతకం పెట్టి పోతాడు.

స్వీయ ధ్రువీకరణను ఎగతాళి చేయకూడదు లెండి. ఒక్కోసారి నిజమే రాస్తారు. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్, తన దగ్గర చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019 మేలో తానే అఫిడవిట్ ఇచ్చింది. ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. రాసినవాళ్లు రాశారు, చదవాల్సినవాళ్లు చదవలేదు.

చిన్న యూనిట్లవాళ్ల గోడు అబద్ధం కాదు. చేయి తడపనిదే కదలని ఫైలు వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. ఆ ఫైలు కదిలేలా చేయండి, ఎవరు వద్దన్నారు? కానీ తూకమన్నాక రెండో తట్టలోనూ ఏదో ఒకటి వేయాలిగా. కాబట్టి అయ్యా, చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి: బోరు నీళ్లు రంగు మారాయని ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే, 30 రోజుల్లో మండలి తేల్చి చెప్పకపోతే, ఆ ఫిర్యాదు నిజమని ఒప్పుకున్నట్టే. ఫ్యాక్టరీ దరఖాస్తుకున్న మర్యాద మా బిందెకూ ఇప్పించండి.