ఆకు పుణ్యం, జిగురు పాపం

వరంగల్‌లో ఇప్పుడు నొప్పి లేనివాళ్ళందరూ నొప్పి మందుల నిపుణులే. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు చుట్లు నడిచి, టీ కొట్టు ముందు చెమట తుడుచుకుంటూ, డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన వీడియో చేతపట్టుకొని తీర్పు చెప్పేస్తారు. "మార్ఫిన్ ఎందుకన్నా? అది డ్రగ్గు. అలవాటైతే మనిషి ఖతం. గంజాయి అట్ల గాదు, అది ఆకు. మన రుషులు వాడిన్రు. అమెరికావోడు తెలివి తెచ్చుకొని దుకాణాలు తెరిచిండు, మనోడేమో కాజీపేట స్టేషన్ల పట్టుకొని లోపలేస్తుండు." చెప్పే పెద్దమనిషికి మోకాలు నొప్పి కూడా ఉండదు. ఉంటే రెండో చుట్టుకే కూలబడేవాడు. వినేవాళ్ళలో ఒకరింట్లో మాత్రం తల్లో, పెద్దన్నో గొంతు కేన్సర్‌తో మంచాన పడి ఉంటారు. తీర్పు అమలయ్యేది ఆ మంచం మీద.

ముందు వృక్షశాస్త్రం చూద్దాం. గంజాయి మొక్కే, సరే. మార్ఫిన్ ఏ ఇనుప కొలిమిలో పుట్టింది? గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఎండి జిగురైతే నల్లమందు. అందులోంచి మార్ఫిన్‌ను 1800ల తొలి ఏళ్ళలో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ కుర్రాడు వేరు చేశాడు, మందుల కొట్లో సహాయకుడిగా ఉంటూ. మార్ఫిన్ పేరెత్తితే గుండె మీద చెయ్యేసుకునే మన పెద్దమనిషి దసరా మటన్ కూరలో గసగసాలు తక్కువైతే కంచం ముందునుంచి లేస్తాడు. గింజల్లో మత్తు ఉండదు లెండి, ఆయన భయపడక్కర్లేదు.

ఇక ఆ 'ఆకు' సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే పూత కొసలు, కాయ కొసలు అని నిర్వచించి ఒట్టి ఆకును వదిలేసింది. కాశీలో భంగు దుకాణానికి సర్కారు లైసెన్సు దొరికేది ఆ సందులోంచే. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని సీలేరు వైపు నుంచి మూటలు కట్టుకొని వచ్చేది పూత. రుషుల మీద అంత భక్తి ఉన్నవాళ్ళు ఔషధ నియమావళిలో ఈ(1) షెడ్యూలు ఒకసారి తెరిచి చూడాలి. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన ఆయుర్వేద విషద్రవ్యాల పట్టిక అది. నల్లమందు అందులో ఉంది. భంగు కూడా అందులోనే ఉంది.

ఈ గంజాయి వర్గానికి ప్రియమైన దొర ఒకాయన ఉన్నాడు, ఓషానసీ. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఐరిష్ డాక్టరు. 1839లో గంజాయి సారాన్ని మొదట జంతువుల మీద, తర్వాత కీళ్ళవాతం, ధనుర్వాతం, కలరా రోగుల మీద ప్రయోగించి చూసినదంతా రాశాడు. ఇంగ్లీషు వైద్యానికి గంజాయిని పరిచయం చేసింది ఆ రాతే. అదే రాతలో పిచ్చికుక్క కాటు రోగి ఒకడు బతకలేదనీ, చివరి గంటల్లో బాధ మాత్రం తగ్గిందనీ దాచకుండా చెప్పాడు. ఫార్వర్డుల్లో 'బతకలేదు' అన్న ముక్క దారిలో రాలిపోయింది. తర్వాత ఈయనే ఈ దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించాడు. గంజాయి కబుర్లు ఇంత వేగంగా పాకడంలో ఆయనకు రెండు విధాల వాటా ఉందన్నమాట.

ఓషానసీ కాలం నుంచి ఇప్పటిదాకా తేలిందేమిటి? 2017లో అమెరికా జాతీయ అకాడమీలు పెద్దల దీర్ఘకాలిక నొప్పికి గంజాయి కొంత పనికొస్తుందని ఆధారాలున్నాయన్నాయి. 2019లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ దీర్ఘకాలిక నొప్పికి ఇవ్వొద్దంది. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం, నొప్పికి వాడండని సిఫారసు చేసేంత సాక్ష్యం తమకు కనబడలేదంది. మార్ఫిన్ లాంటి మందులకు లొంగని కేన్సర్ నొప్పి మీద గంజాయి సారపు స్ప్రేను పెద్ద ట్రయల్సులో పరీక్షిస్తే అనుకున్న ఫలితం రాలేదు. కీమోథెరపీ వాంతులకు, మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో కండరాల బిగుతుకు పనిచేస్తుంది, కాదనడం లేదు. మొత్తం మీద కొందరికి, కొంచెం. ఆ మాట టీ కొట్టు దగ్గర ఎవరూ అనరు, దానికి ఛాయ్ కూడా పుట్టదు.

డాలస్ వీడియోలో అసలు బాణం ఇంకోటి ఉంది. గంజాయికి తలుపు తీస్తే నల్లమందు జాతి మందులతో చచ్చేవాళ్ళు తగ్గిపోతారట. దీనికి మూలం 2014లో వచ్చిన ఒక అధ్యయనం. వైద్య గంజాయిని అనుమతించిన అమెరికా రాష్ట్రాల్లో 1999 నుంచి 2010 దాకా ఆ చావులు అంచనా కన్నా దాదాపు 25 శాతం తక్కువని చెప్పింది. గంజాయి వ్యాపారులకు పండగ. 2019లో ఇంకొందరు అదే లెక్కను 2017 దాకా పొడిగించారు. తక్కువ కాస్తా ఎక్కువైంది, 23 శాతం. అలాగని గంజాయే చంపిందని వాళ్ళు అనలేదు. రాష్ట్రాల లెక్క చూసి మనుషుల సంగతి చెప్పలేమన్నారు, అంతే. వీడియో మాత్రం 2014 దగ్గరే ఆగిపోయింది.

నల్లమందు వంశానికి మచ్చ లేదని నేననడం లేదు. హెరాయిన్‌ను 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా బజారులో పెట్టింది. 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్‌ను పర్డ్యూ ఫార్మా కనబడిన ప్రతి నొప్పికీ అంటగట్టింది. 2007లో ఒకసారి, 2020లో మరోసారి నేరం ఒప్పుకుంది. నడుంనొప్పికీ, అరిగిన మోకాళ్ళకూ ఏళ్ళ తరబడి ఈ గోలీలు రాసిన చోట ఊళ్ళకు ఊళ్ళే పాడయ్యాయి. నిజం. అయితే వరదలో కొట్టుకుపోయిన ఊరి కథ చెప్పి, ఎండిన బావి దగ్గర నిలబడ్డవాడి చేతిలో చెంబు లాక్కునే తెలివి మనకే ఉంది.

ఎండడం ఎంతంటే, 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క వేస్తే మన దేశంలో నొప్పి తగ్గించే ఈ జాతి మందులు అవసరంలో 4 శాతమే అందుతున్నాయి. గసగసాల పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతో పండుతుంది. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. నల్లమందు పైదేశాలకు ఎగుమతి అవుతుంది. మన రోగి మాత్రం పళ్ళు బిగించుకొని పడుకుంటాడు. 1985 చట్టం వచ్చాక పన్నెండేళ్ళలో దేశంలో మార్ఫిన్ వాడకం నూటికి తొంభై పాళ్ళకు పైగా పడిపోయింది. చట్టం పుట్టింది దొంగ మూటల కోసం. దానికి ముందు దొరికింది ఆసుపత్రి బీరువా. లైసెన్సు మీద లైసెన్సు, రిజిస్టరు మీద రిజిస్టరు. ఎందుకొచ్చిన గొడవని దవాఖానలు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. కేరళ డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగితే 2014లో సవరణ వచ్చింది. మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులకు, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క అనుమతి చాలు. హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి అంతకు ముందునుంచే మార్ఫిన్ ఇస్తోంది. జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు. గోలీ ధర కొద్ది రూపాయలు. నాలుగు గంటలకొకటి, నొప్పిని బట్టి మోతాదు, వెంట మలబద్ధకానికి మందు. ఇంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు.

ఈ రహస్యం ఇంట్లో చెబితే పంచాయితీ మొదలవుతుంది. డాక్టరు మూడు నెలలని చెప్పిన మనిషికి మార్ఫిన్ అలవాటైపోతుందేమోనని మేనమామలూ, చిన్నాన్నలూ, పెద్దల్లుడూ కూర్చొని చర్చిస్తారు. చర్చ తెగేలోపు ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ సూది వేసి పోతాడు. రోజూ వేస్తాడు. మూత్రపిండాలు పాడైనా ఆ సూదిని ఎవ్వరూ డ్రగ్గనరు. సూది పనిచేయని రోజు, "విజయ తైలం తెప్పిద్దాం" అని ఎవరో అంటారు. విజయ అంటే ఆయుర్వేదంలో గంజాయే.

అదిగో, అక్కడే కథ రంజుగా ఉంటుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి భద్రాచలం దారిలోనో, రైల్లోనో గంజాయి మోసుకొచ్చి పట్టుబడ్డ కూలివాడి మూట ఇరవై కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా శిక్ష. విజయ తైలానిదీ అదే మొక్క జాతి. కాకపోతే ఆకు సారం, ఆయుష్ లైసెన్సు, అందమైన సీసా, వేలల్లో ధర. ఇది కొరియర్‌లో హన్మకొండ నక్కలగుట్టకు నేరుగా ఇంటికి వస్తుంది, తెచ్చిన కుర్రాడికి టిప్పు కూడా దొరుకుతుంది. సీసాలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంత, ఎముకలకు పాకిన కేన్సర్‌కు ఎన్ని చుక్కలు, రాత్రి రెండింటికి నొప్పి లేస్తే ఎవరికి ఫోన్ చేయాలి? కుర్రాడికి తెలియదు, తెప్పించినవాడికీ తెలియదు. మూటలో పూతకైతే ఆ ప్రశ్నలు వేసేవాడే లేడు. మార్ఫిన్ గోలీ మీద మాత్రం పది మిల్లీగ్రాములని అచ్చేసి ఉంటుంది. మనం భయపడేది ఆ గోలీకే.

గంజాయిని పరిశోధించొద్దని నేను అనను. జమ్మూలో కేంద్రప్రభుత్వ ప్రయోగశాల ఆ పని చేస్తూనే ఉంది. రేపు దాంట్లోంచి నరాల నొప్పికి నికరమైన మందు వస్తే మొదట సంతోషించేది పాలియేటివ్ డాక్టర్లే. కానీ రేపు రాబోయే మందును చూపించి ఈ రోజు ఉన్న మందును కాదనడం, అదీ నొప్పి ఎరగనివాళ్ళు కాదనడం, మన ఊరి కొత్త ఫ్యాషన్.

2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూలగొట్టి, ఆ స్థలంలోనే 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఖైదీలను మోసిన నేల రోగులను మోస్తుందట, బాగుంది. ఏ అంతస్తులో ఏ విభాగం, లిఫ్టులెన్ని, హెలిప్యాడ్ ఉందా అని టీ కొట్టు దగ్గర ఇప్పటికే తెగ చర్చ. పెద్దమనుషులకు ఒక్క మనవి. ఆ భవనంలోకి అడుగుపెట్టిన రోజు లిఫ్టు ఎక్కే ముందు కింద ఫార్మసీ కిటికీ దగ్గర ఆగి, "మార్ఫిన్ గోలీ ఉందా?" అని గట్టిగా అడగండి. లేదంటే అక్కడే నిలబడి గొడవ చేయండి. గంజాయి గురించి చూపే ఆవేశంలో పావు వంతు చాలు.