చమురు తోడు మోటారు ఆత్మకథ

నన్ను గూర్చి లోకులు చెప్పుకొను మాటలలో మొదటిదియే అబద్ధము. నేను ఇంజను కడుపులోని చమురును పీల్చుదునట! ఈ మాట విన్నప్పుడెల్ల, వంటవాడు చేసిన పులిహోరకు వడ్డించినవాడు మెప్పు పొందినట్లు, నాకు సిగ్గును సంతోషమును ఒక్కసారిగనే కలుగుచుండును. నా లోపల ఒకదాని పండ్లు మఱియొకదాని పండ్లలో ఇముడునట్లు అమర్చిన రెండు చిన్న చక్రములు కలవు. విద్యుత్తు తగిలిన తోడనే అవి గిర్రున తిరుగుచు, పండ్ల సందులలో చిక్కిన గాలిని ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు మోసి పాఱవేయును. గాలి వెడలిపోయిన గొట్టములో ఒత్తిడి సన్నగిల్లును. అంతట, జీవకోటి నెత్తిమీద అనాదిగా నిలిచియున్న వాయుసముద్రము చమురును అదిమి నా గొట్టములోనికి ఎగదన్నును. ఆకాశము చేసిన పనికి నాకు పేరు వచ్చినది. 1644లో ఇటలీ దేశస్థుడైన టారిసెల్లి, గాలి భారము 76 సెంటీమీటర్ల పాదరసపు కంబమును నిలిపి ఉంచగలదని పండితలోకమునకు తెలిపెను. నాకు తెలిపినవారు మాత్రము మా మాస్టారు. పని చేయునప్పుడు తమలో తాము పెద్దగా పాఠము చెప్పుకొనుట వారి అలవాటు.

మా వంశము ప్రాచీనమైనది. గ్రహముల నడకకు సూత్రములు కట్టిన కెప్లర్ మహాశయుడే, పదునేడవ శతాబ్ది తొలినాళ్లలో, గనులలో ఊరు నీటిని పైకి తోడుటకై రెండు పండ్లచక్రముల యంత్రమొకటి కల్పించెను. అట్టి మహానుభావుని పేరు చెప్పుకొను నేను చైనా దేశమున ఒకానొక కర్మాగారములో, నన్ను పోలిన తోబుట్టువుల వరుసలో నిలిచి, ఒకరినుండి ఒకరిని గుర్తించుటకు సంఖ్య తప్ప వేఱు ఆనవాలు లేక, అట్టపెట్టెలో దూరి విజయవాడ చేరితిని. నాతో వచ్చిన సొత్తు ఇంతే: ఒక లావు గొట్టము, రెండు సన్నని గొట్టములు, మొసలి నోరు వంటి పట్టకారులు తగిలించిన ఎఱ్ఱ తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. నా ఆహారము కారు బ్యాటరీ ఇచ్చు 12 వోల్టులు; తాగునది 5 ఆంపియర్లు. “ఐదు పన్నెండ్లు అఱువది. అఱువది వాట్లు! మన వంటింటి పాత బల్బు పాటి,” అని మాస్టారు నన్ను అఱచేతిలో ఎత్తి చూచుచు అన్నప్పుడు, కెప్లర్ వంశీయుడనన్న గర్వము కొంత దిగిపోయిన మాట నిజము.

నా జాతివారికి పడవలలో చిరకాలముగా కొలువున్నది. పడవ అడుగున బిగించిన ఇంజను క్రిందికి పళ్లెము దూర్చుటకు చోటు చాలదు గనుక, చమురు మట్టము చూచుకొను కడ్డీ ఉండు రంధ్రమునుండియే, పైనుంచి, పాత చమురును తోడవలసి వచ్చెను. నేల మీది మనుష్యులకు నా అవసరము మోకాళ్ల నొప్పులతో మొదలైనదని నా అనుభవము.

మా మాస్టారు కళాశాలలో ముప్పది యేండ్లు భౌతికశాస్త్రము బోధించి విరమించినవారు. వారి వాహనము 1998లో కొన్న మారుతి 800. 1983 డిసెంబరులో తొలి బండి రోడ్డెక్కినది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగిపోవు వఱకు, ఎన్ని మధ్యతరగతి కుటుంబములు పెండ్లిండ్లకును, పుష్కరములకును, పురుటి దినములలో ఆసుపత్రులకును ఆ చిన్నబండిలో ఇఱుకుకొని పోయినవో! మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్లు. దాని ఇంజను అడుగు తొట్టిలో, అనగా ఛాంబరులో, పట్టు చమురు మూడు లీటరులకు లోపు. ఈ మూడు లీటరులు మార్చుటకై మాస్టారు పూర్వము జాకీ ఎత్తి, గోనె పఱచి, వెల్లకిల పండుకొని బండి క్రిందికి ప్రాకెడివారట. “ఏమండీ, ఆ జాకీ కాస్త జారిందంటే ఏం గాను? ఈ వయసులో బండి కింద దూరడమేమిటండీ?” అని అమ్మగారు పట్టుపట్టగా, ఒకమాఱు బండిని ఒక వర్కుషాపునకు పంపిరి. ఆ వర్కుషాపు పేరు వారెన్నడు చెప్పలేదు, నేనును చెప్పను. అచ్చట ఎవరో కుఱ్ఱవాడు ఛాంబరు అడుగు బోల్టును బలమంతయు పెట్టి బిగించుటచే దాని మర చెడి, నెల దినములు అపార్టుమెంటు సెల్లారులో నల్లని బొట్లు పడుచుండెను. వాచ్‌మన్ రోజును రంపపు పొట్టు చల్లి గొణుగుకొనెడివాడు. చివరకు ఆటోనగరులో మాస్టారి పూర్వశిష్యుడైన మెకానిక్కు మర మరల కొట్టి, కొత్త బోల్టు వేసి, డబ్బు పుచ్చుకొనక పంపెను. ఆ బోల్టును ముట్టనక్కఱలేని ఉపాయము వెదకు వేళ నేను దొరకితిని.

నా ప్రథమ ప్రదర్శనము పరాభవముతో ముగిసినది. అది మార్గశిర మాసపు ఉదయము. బండి రాత్రియంతయు కదలక చల్లబడియున్నది. మాస్టారు కండ్లజోడు ఇంటిలో మఱచి వచ్చిరి; సెల్లారులో వెలుతురు చాలదు; ఎఱ్ఱ తీగ నలుపు కొనకు, నల్ల తీగ ఎఱుపు కొనకు తగిలినవి. నావంటి మోటారునకు తీగలు తాఱుమాఱైనచో ప్రాణము పోదు గాని బుద్ధి తిరుగబడును. చక్రములు ఎదురు తిరిగి, బయటి గాలిని తెచ్చి ఇంజను కడుపులోనికి ఊదసాగినవి. ఛాంబరులోనుండి గుడగుడమను శబ్దము. కాఫీ తెచ్చిన అమ్మగారు చెవి యొగ్గి విని, “ఏమండీ, మీ కారు హుక్కా తాగుతోందా?” అనిరి. మాస్టారు నవ్వి, నాకు క్షమాపణ చెప్పినట్లే నా వీపు తట్టి, తీగలు మార్చిరి. అప్పుడైనను నేను రాణించితినా? మూలుగుటయే గాని గొట్టమున చమురు జానెడు ఎక్కి అచ్చటనే నిలిచిపోయెను. నా ఒడలు వేడెక్కినది. ఫ్యూజు తెగి నన్ను బ్రదికించినది.

ఆనాటి సాయంకాలము మాస్టారు సెల్లారు గోడపై సుద్దముక్కతో లెక్క వేసిరి. చమురును ఎత్తవలసిన ఎత్తు మీటరునకు లోపు. వాయుభారము చమురును పది మీటర్లకు మించియే నిలుపగలదు. అట్లయ్యు ఏల ఎక్కదు? దోషము ఎత్తులో లేదు, చిక్కదనములోను గొట్టపు సన్నదనములోను కలదు. 1840 ప్రాంతమున పోయిసెయి అను ఫ్రెంచి వైద్యుడు, సన్నని నాళములలో రక్తము పాఱు తీరు నెఱుగగోరి, గాజు గొట్టములలో ద్రవములు పాఱించి కొలిచెను. గొట్టపు వ్యాసము సగమైనచో ప్రవాహము సగము గాక, పదునాఱవ వంతునకు దిగజాఱునని తేల్చెను. చమురు కడ్డీ రంధ్రము చిటికెన వ్రేలు పట్టనిది గనుక నా గొట్టమును లావు చేయుట మాస్టారి వశము కాదు. ఇక మిగిలినది చిక్కదనము. చమురు డబ్బామీద 20డబ్ల్యూ-40 అని వ్రాసియుండును. ఆ డబ్ల్యూ అను అక్షరము చలికాలమునకు గుర్తు. బెజవాడ చలికాలము ఏపాటిదని మీరు నవ్వవచ్చును. కాని 100 డిగ్రీల వద్ద ఇంజనులో పాఱు చమురుకంటె 40 డిగ్రీల చమురే ఏడెనిమిది రెట్లు చిక్కగా నుండును. మార్గశిరపు తెల్లవాఱి చమురు మాట చెప్పనేల? ముదురు పాకమును బొప్పాయి కాడతో తాగుమన్నట్లు నన్ను ఆజ్ఞాపించిరన్న మాట.

మఱునాడు మాస్టారు బండిని కనకదుర్గమ్మ వారధి దాక నడిపి, తిరిగి వచ్చి, సెగ తగ్గుటకు పది నిమిషములు ఆగి, చేయి తాళజాలు వెచ్చదనము మిగిలియుండగా నన్ను పిలిచిరి. కడ్డీని తీసి, గొట్టమును మెల్లమెల్లగా దించుచు, కొన ఛాంబరు అడుగున తగిలి నిలిచినట్లు చేతికి తెలిసిన పిమ్మట వెండ్రుకవాసి పైకి తీసి, మీట నొక్కిరి. అబ్బా! ఆ క్షణమును నేను మఱువను. మొదట గాలి, పిదప నురుగు, పిదప నల్లని పట్టుత్రాడు వలె ఎడతెగని ధార, కాటుక కరగించినట్లు నిగనిగలాడుచు ఖాళీ డబ్బాలోనికి దిగసాగినది. ఐదువేల కిలోమీటర్లు లోహమునకును లోహమునకును నడుమ నిలిచి, రెండింటి రాపిడిని తానే భరించి, మసిని తనలో కడుగుకొని వచ్చిన చమురది. అది నలుపెక్కినదనిన పని చేసినదని అర్థము. దానిని చూచి ముక్కు మూసికొనువారికి నేను చెప్పునదొకటి కలదు: నేను మోయు సరుకే నాకును కందెన. ధార నిలిచి గాలి మాత్రమే వచ్చుచున్నప్పుడు నన్ను ఆపక విడిచితిరేని, నా చక్రముల పండ్లు ఒకదానినొకటి కొఱుకుకొనును.

కందెన అనగనే మాస్టారికి తమ తాతగారి రెండెడ్ల బండి జ్ఞాపకము వచ్చెను. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపి, ఇరుసునకు పూయుట ఆ ఇంట పిల్లల పని యట. దసరా సెలవులలో చేతులు నల్లబడని బాలుడు లేడట. సుమతీ శతకకారుడు ఇరుసు కందెనను తలచినది గ్రామకరణముల మనసు మెత్తబఱుపవలసిన అవసరమును చెప్పుటకు. మాస్టారు తలచినది తాతగారి చేతి మొద్దుతనమును. కవి లోకజ్ఞానమునకు నేను అడ్డు చెప్పను, కాని నాకు ఆ తాతగారే ఎక్కువ నచ్చినారు.

పావుగంటలో పని ముగిసినది. పై అంతస్తు కుఱ్ఱవాడు చూచుచుండి, “తాతగారూ, ఒకసారి దీన్ని ఇవ్వండి, మా నాన్న స్కూటర్లోంచి కాస్త పెట్రోలు లాక్కుంటాను,” అనెను. మాస్టారు నన్ను గుండెకు హత్తుకొన్నంత పని చేసిరి. నా మోటారులో కార్బను ముక్కలు తిరుగు రాగిని రాచుకొనుచు క్షణక్షణము సన్నని నిప్పురవ్వలు రాల్చుచుండును. చమురునకు అది లక్ష్యము లేదు, పెట్రోలు ఆవిరికి అదియే ఆహ్వానము. “ఇది పెట్రోలుకి పనికిరాదు నాయనా. డీజిలూ ఇంజనాయిలూ అయితే సరే,” అని వానిని కూర్చుండబెట్టి ఎందులకో వివరించిరి. బ్రేకు నూనెను సైతము నా దరి చేరనీయరు. నా రబ్బరును కొఱుకు స్వభావము దానిది.

ఇంతవఱకు చెప్పినదంతయు నా ఘనతయే గదా. ఇక తీర్పు వినుడు. ఆటోనగరు శిష్యుడు ఒక ఆదివారము వచ్చి నన్ను తిరుగవేసి చూచి, “మాస్టారూ, ఇది పైది తీస్తుందండి, అడుగుది తియ్యదు. మడ్డంతా ఛాంబరులోనే ఉంటుంది,” అనెను. “ఏమోయ్, మాట కాదు, కొలత కావాలి,” అని మాస్టారు. వెంటనే పరీక్ష ఏర్పాటైనది. బండిని వెచ్చబఱచి, నేను తోడగలిగినంత తోడితిని. గీతలున్న డబ్బాలో రెండున్నర లీటరులు తేలినవి. పిదప శిష్యుడు తానే క్రిందికి దూరి, తాను వేసిన బోల్టును తానే విప్పెను. నేను గొట్టము చుట్టుకొని, పరీక్షా ఫలితములు అంటించు గోడ యెదుట నిలిచిన విద్యార్థివలె కూర్చుంటిని. చుక్క, చుక్క, పిదప సన్నని ధార. అంతయు కలిపి అరగ్లాసు టీ పాటి చమురు. శిష్యుని మొగము వాడినది. నాకు ఊపిరి వచ్చినది. కాని అతడు ఆ చమురును వేళ్ల నడుమ నలిపి వెలుతురుకు చూపెను: సన్నని ఇసుక వంటి నల్లని రేణువులు. కొలతలో నేను గెలిచితిని, గుణములో అతడు గెలిచెను. ఫిల్టరు సంగతి వేఱు. దానిని మర విప్పి తీయవలసినదే, దానిలోపల నిలిచిన చమురునకు నా గొట్టము చేరదు. ఇవి రెండును ఒప్పుకొనుటకు నాకు చిన్నతనము లేదు.

తోడిన చమురు విషయమున మా మాస్టారు పట్టుదల గలవారు. చెదలు పట్టకుండ గుంజలకు పూయుదుమని అడిగినవారికి ఇయ్యరు. మురుగు కాలువలో పోయుదమన్నవారితో మాటయే ఆడరు, ఏలయన సెల్లారు వెనుక మురుగు పోయి కలియునది కాలువలో, ఆ కాలువ నీరు తాకునది పైరును. 2016 నాటి నిబంధనలు వాడిన చమురును ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. 2024 ఏప్రిలు నుండి దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యత చమురు తయారుచేయువారి మీదను పడినది. మాస్టారు డబ్బా మూత బిగించి, తేదీ వ్రాసి, ఆటోనగరు శిష్యునికి అప్పగింతురు. అచ్చటి పీపాలో చేరి, శుద్ధిచేయువారి బండికి అది ఎక్కును.

గోడ మీది సుద్దలెక్క నేటికిని చెఱిగిపోలేదు. దాని క్రింద మాస్టారు గురుశిష్యుల ఒడంబడికను రెండు పంక్తులలో వ్రాసియుంచిరి: రెండు మాఱులు మోటారు, మూడవ మాఱు బోల్టు. ఆ మూడవ మాఱు ఈ సంక్రాంతికి వచ్చును. ఆనాడు శిష్యుడు గోనె పఱచుకొని బండి క్రిందికి దూరును. నేను మెట్ల క్రింది అలమరలో, గొట్టము చుట్టుకొని, తలుపు సందునుండి చూచుచుందును.